జ్వరం తగ్గాక పెదనాన్న ఎట్టా పోయాడు?

మేము అద్దంకి దగ్గర యానాది కాలనీ పిల్లలం, ముగ్గురం బైపీసీ.

2021 మే నెల. మిరప కోతలు అయిపోయాయి. మా పెదనాన్నకి కరోనా వచ్చింది. వారానికి జ్వరం తగ్గితే హమ్మయ్య అనుకున్నాం. రెండోరోజే ఆయాసం. ఆక్సిజన్ పెట్టినా మూడు రోజులకి పోయాడు. "జ్వరం తగ్గినోడు ఎట్టా పోతాడురా?" అని పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది. చదువుకుంటున్నాం కదా, జవాబు మేమే వెతకాలి.

వైరస్ సోకితే రోగనిరోధక కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్ వదులుతాయి. అది కణం లోపలికి పోదు. కోతలప్పుడు రైతు కాలనీ మొదట్లోనే ఆగి మేస్త్రికి కబురు చెప్తాడే, అట్టా. కణం పైనున్న గ్రాహకం ఆ కబురు అందుకుంటుంది. దాన్ని అంటుకుని ఉండే జాక్ ఎంజైములు స్టాట్1 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. స్టాట్1లు రెండేసి జతకట్టి కేంద్రకంలోకి పోయి, డీఎన్ఏ మీద తమకు సరిపోయే చోట కూర్చుంటాయి. నిద్రలో ఉన్న జన్యువులు పనిలోకి దిగుతాయి. మేస్త్రి తలుపు తడితే ఇల్లంతా లేచినట్టే. వాటిలో సాక్స్1 జన్యువు కూడా ఉంటుంది. దాని ప్రోటీన్ జాక్‌లను ఆపి "ఇక చాలు" అంటుంది.

ఆ "చాలు" సరిపోకపోతే? కొత్తగూడెంలో పుట్టి, ఉస్మానియాలో చదివి, అమెరికాలో సెయింట్ జూడ్ ఆస్పత్రిలో పరిశోధన చేస్తున్న కన్నెగంటి తిరుమలాదేవి గారి బృందం 2021లో 'సెల్' పత్రికలో దీని గురించి రాసింది. ఇంటర్‌ఫెరాన్ గామాకి టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ తోడైతే, స్టాట్1, ఐఆర్ఎఫ్1 ద్వారా నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా పుట్టి మన కణాలే చచ్చిపోతాయట. ఆ రెండింటినీ అడ్డుకుంటే కరోనా సోకిన ఎలుకలు ఎక్కువగా బతికాయి. పెదనాన్న ఒంట్లో అచ్చంగా ఇదే జరిగిందని మేము చెప్పలేం. కానీ వైరస్ తగ్గుతున్నా లోపల మంట ఆగకపోవచ్చని పెద్దమ్మకి చెప్పగలిగాం.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. మన కాలనీల్లో ఏ జ్వరమొచ్చినా స్టెరాయిడ్ బిళ్ల ఇచ్చేస్తున్నారు. అది కూడా కేంద్రకంలోకి పోయి, మంట పుట్టించే జన్యువులను తగ్గిస్తుంది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ ఆక్సిజన్ మీదున్న వాళ్లలో మరణాలు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మేలు చేయలేదు. శత్రువు ఇంట్లో ఉండగానే మేస్త్రి నోరు మూస్తే ఎట్టా? లోపల దాగిన టీబీ కూడా లేవొచ్చు.

కాబట్టి బిళ్ల ఇస్తే "ఇది స్టెరాయిడా? నాకెందుకు?" అని అడగండి. మీ అమ్మానాన్నల తరఫున మీరే అడగండి. ఆ రోజు మాకు అడగడం తెలియలేదు.