సున్నా నుంచి గీసిన పట్టీ

పేరాలతో బతికిన నాబోటివారికి 1080 పిక్సెళ్ల చతురస్రంలో వార్త చెప్పడం కొత్త విద్య. ఫరీదాబాద్‌లో మా పొరుగింటి అమ్మాయి నాకు క్యాన్వా నేర్పుతోంది. అభ్యాసానికి ఈ లోక్‌సభ నియోజకవర్గాన్నే ఎంచుకున్నాను. 2024లో భాజపా అభ్యర్థి కృష్ణపాల్ గుర్జర్‌కు 7,88,569 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి మహేంద్ర ప్రతాప్ సింగ్‌కు 6,15,655.

"స్కేలు ఆరు లక్షల దగ్గర మొదలుపెట్టండి అంకుల్, తేడా బాగా కనిపిస్తుంది" అన్నది. కనిపించింది. ఓడిన అభ్యర్థి పట్టీ గెలిచిన అభ్యర్థి పట్టీలో పన్నెండో వంతుకు కుంచించుకుపోయింది. సున్నా నుంచి గీస్తే అది నాలుగింట మూడు వంతులకు పైనే. అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు; బొమ్మ మాత్రం అబద్ధం. వాట్సాప్‌లో తిరిగే ఎన్నికల గ్రాఫుల్లో ఈ కిటుకును ఎన్నిసార్లు చూశామో! వాక్యంలోనైతే ఇంత అతిశయోక్తిని ఏ సబ్ ఎడిటరూ సాగనివ్వడు.

సున్నా నుంచే గీశాం. పక్కన 2019 నాటి ఆధిక్యం 6,38,239 కూడా చేర్చాను. అది 1,72,914కు తగ్గడమే అసలు వార్త.

ఇక మిగిలింది తెలుగు. పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతున్నాయి. ఆంగ్లాక్షరాల కొలతకు కత్తిరించిన మూసలివి. అక్షరం కాస్త తగ్గించి, వరుసల మధ్య ఎడం పెంచాను.