జపానువారి రామెను

సేమియా యనగనే మనకు పాయసము జ్ఞప్తికి వచ్చును. వేసవిలో గోధుమపిండి తడిపి, మెత్తగా మర్దించి, సన్నని పోగులు తీసి, మంచముపై తెల్లని పంచె పఱచి యెండబెట్టుట మన పెద్దలెఱిగిన పనియే. ఆ పోగులు పాలలో ఉడికి పాయసమగుటయో, పోపులో పడి ఉప్మా యగుటయో తప్ప వానికి వేఱొక గతి కలదని మనలో ననేకులు తలపరు. జపానుదేశీయులు ఇట్టి గోధుమపోగులనే పెద్దగిన్నెడు వేడిరసములో వైచి, దానినే పూటభోజనముగా నెంచి, చలిలో వీథివెంట బారులు తీఱి నిలిచి మఱియు తినుచున్నారు. దానికి రామెనని పేరు. ఇప్పుడది మన హైదరాబాదునకును వచ్చినది. జూబ్లీహిల్స్ ప్రాంతపు హోటళ్ళలో సెలవుదినపు సాయంకాలము దానికొఱకు వచ్చువారికి కూర్చుండ చోటు దొరకుటయే కష్టము.

మేము వెంగళరావు నగరులో కాపురముండువారము. మా వారు బడిలో లెక్కలు చెప్పుదురు. పంతులుగారి జీతముతో జూబ్లీహిల్స్ హోటళ్ళకు పోవుట మాకు వాడుక కాదు. కొండమీది దీపములను మేడమీదనుండి చూచి తృప్తిపడువారము. అయినను ఈ యేడు రెండుమాఱులు పోవలసి వచ్చినది. రుచికొఱకు పోలేదు.

మా చెల్లెలు భర్తతో కూడ టోక్యో నగరమున నున్నది. ఆమెకు తొలిచూలు. ఇచ్చటికి ప్రయాణము చేయుటకు వైద్యురాలు ఒప్పుకొనలేదు. పుట్టింట జరుగవలసిన పురుడు పరదేశమున జరుగవలసి వచ్చినప్పుడు, పుట్టిల్లే అచ్చటికి కదలవలెను గదా! అమ్మగారికి అఱువదినాలుగేండ్లు. నాన్నగారు పోయిన పిమ్మట ఒక్కసారి కాశికి తప్ప మఱెచ్చటికిని పోయియుండలేదు. హోటలులో కాఫీ యైనను పుచ్చుకొనరు. రైలులో మజ్జిగన్నము మూటతోనే కాశివఱకు పోయివచ్చిన మనిషి.

"దానిమీద ప్రేమ లేక కాదమ్మా! మూడు నెలలు నేనేం తిని బతకను? ఆ దేశంలో నీళ్లు కూడా చేపల కంపు కొడతాయట" అని ఆమె యనుచుండిరి. మా మేనమామగారు ఆ మాటకు వంతపాడుచుండిరి. చెల్లెలు ఫోనులో ఏడ్చినది, అమ్మయు ఏడ్చినది. ఇరువురికి నడుమ మేము. ఏడ్చుటవలన తెగు సమస్య కాదు గావున, ఆ దేశపు తిండి ఎట్టిదో మొదట మేమే చూచి, అమ్మకు చెప్పవచ్చునని తలంచితిమి.

మొదటిసారి మేమును మావారును మాత్రమే పోతిమి. ఆ హోటలు పేరు చెప్పుట లేదు. పట్టికలో ఆకు బొమ్మ వేసిన రామెను ఒకటి కనబడినది. "ఇందులో చేప గాని మాంసము గాని కలదా?" అని యడిగితిమి. "ప్యూర్ వెజ్ మేడం" అనెను వడ్డించు కుఱ్ఱవాడు. గిన్నె వచ్చినది, పైన మొక్కజొన్న గింజలు, కాబేజి, ఆవిరి. వాసన మాత్రము మా ముక్కునకు సరిపడలేదు. చెంచా ముట్టక మరల అడిగితిమి. ఈ మాఱు లోపలినుండి పెద్దవాడొకడు వచ్చి, "రసంలో ఎండుచేప పొడి కొంచెం పడుతుంది మేడం, కాని కనబడదు" అని చెప్పెను. కనబడదట! పాలలో నీళ్ళును కనబడవు. మన పాలవాడును ఈ న్యాయమునే చెప్పును. సొమ్ము చెల్లించి లేచి వచ్చితిమి.

ఆ రాత్రి చెల్లెలిని అడుగగా, జపానులో ఇదియే పెద్ద చిక్కని చెప్పినది. అచ్చటి వంటలకు మూలము దాషి యనెడి రసము. కొంబు అను సముద్రపు నాచును, కత్సువోబుషి అను ఎండుచేప తునకలను నీళ్ళలో నానవేసియో కాచియో దానిని తీయుదురు. మనకు చింతపండు పులుసెట్టిదో వారికి ఇదియట్టిది. సోయాచిక్కుళ్ళను ఉప్పుతో పులియబెట్టిన మిసో అను ముద్దను కలిపి చేసెడి చారు చూచుటకు మన పప్పుచారువలె నుండును. కాని దాని యడుగున ఈ చేపరసముండును. కొత్తగా పోయినపుడు చెల్లెలు కొంతకాలము ఆ చారు త్రాగి, పిమ్మట తెలిసికొని, రెండుదినములు అన్నము తినలేకపోయినదట. ఆ మాట అమ్మకు ఇదివఱకు చెప్పలేదు. చెప్పవలదని మాకును ఆన పెట్టినది.

అయినను ఈ కథకు రెండవ ప్రక్క కలదు. జపానులో 675 సంవత్సరమున టెన్ము చక్రవర్తి ఆవు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి మాంసములను తినరాదని శాసించెను. చేపకు మాత్రము అడ్డు లేదు. మాంసముపట్ల ఆ యేవగింపు హెచ్చుతగ్గులతో శతాబ్దములు నిలిచినది. 1872లో మెయిజి చక్రవర్తియే గోమాంసము ఆరగించెనని చాటింపబడిన పిమ్మట లోకులు బహిరంగముగా తినసాగిరి. బౌద్ధవిహారములలో మాత్రము షోజిన్ అను శాకాహారపు వంట నేటికిని నిలిచియున్నది. అందు చేపకును మాంసమునకును తోడు ఉల్లి, వెల్లుల్లి మొదలగు ఘాటైన దుంపలును నిషిద్ధములే. 1237లో డోగెన్ అను ఆచార్యుడు మఠపు వంటవానికి వలసిన నడవడిని గూర్చి యొక గ్రంథమే వ్రాసెను. వంటను నీచపుపనిగా గాక సాధనగా నాతడు చెప్పెను. మడికట్టుకొని పొయ్యివద్ద జీవితము గడపిన మన తల్లులకు ఈ సంగతి ఎవరును చెప్పకపోవుట చిత్రము. ఆ రసము నాచుతోను, ఎండిన పుట్టగొడుగులతోను మాత్రమే తీయబడును. చేప లేకయే రుచి యెట్లు వచ్చుననగా, 1908లో ఇకెద కికునయె అను శాస్త్రజ్ఞుడు ఆ నాచునుండియే గ్లూటమేటు అను రుచిద్రవ్యమును వేఱుచేసి చూపెను. తీపి, పులుపు, ఉప్పు, చేదు అను నాల్గింటికంటె భిన్నమైన ఈ రుచికి ఆయన ఉమామి యని పేరిడెను.

మావారు ఇదంతయు అమ్మగారికి వారముదినములు విడతలు విడతలుగా వినిపించిరి. లెక్కలపంతులు చరిత్ర చెప్పిన వినుటకు బాగుండును, తేదీలు తప్పవు. చివరకు "సరే, ఒకసారి చూస్తాను. తినను, చూస్తాను" అని అమ్మ యొప్పుకొనిరి.

మధురానగరు స్టేషనులో మెట్రో యెక్కి, యూసఫ్‌గూడ దాటి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగితిమి. దారిలో సినిమాబొమ్మలు చూచి అమ్మ, "జపానువాళ్లు మన సినిమాలు చూస్తారటగా" అనిరి. ఆర్‌ఆర్‌ఆర్ చిత్రము 2022 అక్టోబరులో అచ్చట విడుదలయై విశేషముగా ఆడిన సంగతి పాఠకురాండ్రెఱుగుదురు. అంతకంటె మాకు నచ్చిన ముచ్చట మఱొకటి. తకారజుకా యనుచోట 1914 నుండి స్త్రీలు మాత్రమే నటించు నాటకసంఘ మొకటి కలదు, పురుషవేషములును వారివే. వారు 2024 జనవరిలో ఈ కథనే రంగమెక్కించిరి. అనగా భీముడును రాముడును ఇరువురును ఆడువారే! "ఆడది భీముడి వేషమా? మీసాలు పెట్టుకునే?" అని అమ్మ చెక్‌పోస్టు మెట్లు దిగువఱకు నవ్వుచునే యుండిరి. ఆ నవ్వుతో మాకును ధైర్యము కలిగినది.

ఇది వేఱొక హోటలు. అమ్మ కూర్చుండకమునుపే వంటవానిని పిలువుమనిరి. ఈశాన్యరాష్ట్రముల కుఱ్ఱవాడు బయటికి వచ్చి, చేతులు తుడుచుకొని, వంగి నమస్కరించెను. హిందీలో మావారు దుబాసీ. అమ్మ ప్రశ్నలు వేసిరి.

రసము దేనితో? నాచు, పుట్టగొడుగులు, కాబేజి, కారట్టు. చేప? శాకాహారపు కుండలో లేదు. మాంసపు కుండ వేఱు. మఱి పోగులు పచ్చగా నున్నవేమి, గ్రుడ్డు కలిపితివా? లేదు, కాన్‌సుయి కలిపిన పిండి. అదేమి? అతడు వెదకివెదకి, "సోడాలాంటిది అమ్మా, ఆ నీళ్లతో పిండి కలిపితే పచ్చబడుతుంది, సాగుతుంది" అని చెప్పెను.

అమ్మ ముఖము విప్పారినది. "అప్పడాల క్షారమురా! అది పడకపోతే అప్పడం పిండి సాగదు, విరిగిపోతుంది" అని మావంక తిరిగి, "ఆ మాట మొదటే చెప్పొద్దూ" అనిరి. గోధుమపోగు జంతికవలె తెగక, వేడిరసములో నానియు మెత్తబడక నిలుచుటకు కీలకము నిజముగా ఆ క్షారజలమే. పుస్తకములు తిరుగవేసిన మాకు తట్టనిది, ముప్పదియేండ్లు అప్పడములొత్తిన చేతికి తట్టినది.

కడపటి ప్రశ్న మిగిలినది. "ఈ పోగులు ఏ నీళ్లలో ఉడకబెడతావు?" కుఱ్ఱవాడు ఒక్కక్షణము మాటాడలేదు. పిమ్మట, "జల్లెడలు వేరేనమ్మా, నీళ్లు మాత్రం అందరికీ ఒకటే" అనెను. మా గుండె జాఱినది. అమ్మ లేచెదరనుకొంటిమి. లేవలేదు. "నిజం చెప్పావు నాయనా. చిన్న గిన్నెలో వేరే నీళ్లు పెట్టి ఉడకబెడతావా?" అని యడిగిరి. అంత రద్దీలో నతడు ఒప్పుకొని లోపలికి పోయెను. మొదటి హోటలు వాడు చెప్పిన "కనబడదు" అను మాటకును, ఈ బాలుని మాటకును గల యంతరమే మా అమ్మను జపానునకు పంపినదని మేము నేటికిని నమ్ముచున్నాము.

గిన్నె వచ్చుటకు ఇరువది నిమిషములు పట్టెను. ఆ వ్యవధిలో మావారు రామెను పుట్టుక చెప్పిరి. ఇది జపానువారి సొంత వంటకము కాదు. యోకొహామా మొదలగు రేవులకు వచ్చిన చీనావారు తెచ్చినది. 1910లో టోక్యోలోని అసకుసాలో రైరైకెన్ అను దుకాణము చీనా వంటవాండ్రను తెచ్చి దీనిని సామాన్యులకు పెట్టెను. క్యూషూ దీవిలో పందియెముకలను తెల్లబడువఱకు మఱగించి చేయుదురు (ఇది మావారు గొంతు తగ్గించి చెప్పిరి), సప్పొరోలో మిసోతో చేయుదురు. యుద్ధానంతరము ఆకలిదినములలో ఒసాకా వీథులలో జనులు దీనికై బారులు తీఱుట చూచిన అందో మొమొఫుకు, పోగులను నూనెలో వేచి నిలువచేయు ఉపాయమును కనిపెట్టి 1958లో అమ్మకమునకు పెట్టెను. భార్య టెంపురా వేయుచుండగా చూచి ఆ యుపాయము తోచెనని చెప్పుదురు. మన పిల్లలు 1983 నుండి తినుచున్న మాగీ ఆ త్రోవలో పుట్టినదే. పేరు మాత్రము వంటింటిలో నిలిచిన ఆమెకు రాలేదు. అది వేఱు సంగతి.

రామెను దుకాణములు చిరకాలము మగవారి చోట్లుగనే యుండినవట. పొగ, కంపు, జిడ్డు, కసరుకొను దుకాణదారు. ఆడుది యొంటరిగా లోనికి పోవుటకు జంకెడిది. 1985లో ఫుకువొకాలో కవహరా షిగెమి యనునాయన ఇప్పుడో అను దుకాణము తెఱచినపుడు, స్త్రీలు నిస్సంకోచముగా వచ్చి కూర్చుండునట్టి చోటు కావలెననియే దానిని తీర్చిదిద్దెను. ఆ పేరు నేడు లోకమెల్ల వ్యాపించినది.

గిన్నె వచ్చినది. అమ్మ కన్నులు మూసికొని గోవిందనామము తలచిరి. జపానువారును భోజనారంభమున చేతులు జోడించి "ఇతదకిమస్" అందురని మావారనిరి. వినయముతో స్వీకరించుచున్నానని దాని భావము. కఱ్ఱపుల్లలు అమ్మకు వశము కాలేదు. ముళ్ళచెంచాతో ఒక పోగు తీసిరి, రసము ఒక చెంచా పుచ్చుకొనిరి. మేము శ్వాస బిగబట్టితిమి.

"పులుపు లేదు" అనిరి. కొంతసేపటికి, "కారమూ లేదు. కాని ఊరికే చప్పగా లేదు, అడుగున ఏదో ఉంది" అనిరి. ఇకెదవారు ప్రయోగశాలలో కష్టపడి పట్టినది ఇదియే. పుట్టగొడుగు ముక్కను మాత్రము గిన్నె అంచునకు నెట్టివేసిరి. ప్రక్కబల్లపై యువకులు పోగులను పెద్దచప్పుడుతో జుఱ్ఱుచుండిరి. జపానులో అట్లు జుఱ్ఱుట తప్పు కాదని చెప్పగా, "చిన్నప్పుడు పాయసం జుర్రితే మీ వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఆ దేశంలో పుట్టవలసింది మీరు" అని నవ్విరి. సగము గిన్నె తినిరి. ధర తెలిసి, ఆ సొమ్ముతో నెలకు చాలు సేమియా వచ్చునని దారిపొడవున అనుచునే యుండిరి.

పోవుదునని ఆమె నోట అనలేదు. మెట్రోలో కూర్చున్న పిమ్మట, "విమానంలో ఎన్ని కిలోలు తీసుకుపోనిస్తారు?" అని మాత్రమడిగిరి.

నాటినుండి ప్రతిరాత్రి తల్లీకూతుళ్ళ సంభాషణ వంటింటి చుట్టునే తిరుగుచున్నది. చెల్లెలుండు ఎడొగావా పేటలోని నిషికసాయి ప్రాంతమున మనదేశీయులనేకులున్నారు. కందిపప్పు, చింతపండు దొరకును. ఇంట కొంబుతో మాత్రమే రసము తీసి మిసోచారు కాచుట చెల్లెలు నేర్చినది. టోక్యో స్టేషను ప్రాంగణములో టీస్ తాన్‌తాన్ అను దుకాణమున జంతుపదార్థమేమియు లేని రామెనే పెట్టుదురట. పురుడైన మూడవనెలలో అమ్మను అచ్చటికి తీసికొనిపోయెదనని ఆమె పందెము వేసినది. సకాన యన చేప, నికు యన మాంసము అను రెండు మాటలు అమ్మ కాగితముమీద తెలుగులో వ్రాసికొని దేవునిపటము క్రింద పెట్టుకొనిరి. బాలింతకు పెట్టవలసిన కారప్పొడి, శొంఠిపొడి, వేపుడు కందిపొడి దంచుట పూర్తియైనది. మా మేనమామగారు వచ్చి చూచి, ఏమియు అనక, ఒక కాఫీ త్రాగి పోయిరి.

ఇప్పుడు మావారు తూకపుకాటాతో పెట్టె యెదుట కూర్చుండి, అనుమతి దాటినదని ఇంగువడబ్బా తీయుచున్నారు. అమ్మ చీర యొకటి తీసి దానిని మరల లోపల పెట్టుచున్నారు.