బోను అనొద్దు

మా హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య మూడడుగుల పొడవున ఒక ఇనప చట్రం తిష్ఠ వేసింది. దాని ధాటికి నా మోకాలి చిప్ప ఇప్పటికి మూడుసార్లు పగిలినంత పనైంది. వార్తలు చూడాలన్నా దాని కడ్డీల మీదుగానే చూడాలి. నేను కాస్త కిందికి జారి కూర్చుంటే తెర మీదికొచ్చిన నాయకులందరూ ఊచల వెనక ఉన్నట్టే కనిపిస్తారు. దానివల్ల నాకు దక్కిన సుఖం ఆ ఒక్కటే.

అమ్మాయి దాన్ని క్రేట్ అంటుంది. క్రేట్ అంటే నా తరం వాడికి సోడా సీసాలు, మహా అయితే టమాటాలు. వాచ్‌మన్ దాన్ని లిఫ్టులోంచి ఈడ్చుకొస్తూ "కుక్క పంజరం వచ్చింది సార్" అన్నాడు. ఆదివారాలు వచ్చే మనవడు జైలు అన్నాడు. మా ఆవిడ ఒక్క చూపు చూసి, "బోనా? కుక్కకా?" అంది. ఆ పూట నుంచి మా ఇంట్లో దాని పేరు బోను. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడడం లేదు.

కుక్క సంగతి చెప్పలేదు కదూ. ఐదు నెలల ఊరకుక్క పిల్ల. ఇప్పుడు ఊరకుక్క అనకూడదట, ఇండీ అనాలట. ఊళ్లో పుట్టిన దానికి ఊరి పేరు చిన్నతనమై, దేశం పేరు పెట్టాల్సొచ్చింది, అదీ ఇంగ్లీషులో. మా అపార్ట్‌మెంటు ఎదురుగా కడుతున్న ఇంటి ఇసక కుప్పలో దొరికితే అమ్మాయి తెచ్చి కోకో అని పేరు పెట్టింది. ఆర్నెల్ల పని మీద పూనా వెళుతూ కోకోనీ, ఈ చట్రాన్నీ, ఫ్రిజ్ తలుపుకి అంటించిన రెండు పేజీల సూచనలనీ మాకు అప్పజెప్పింది. "నాన్నా, ముందు చదువు, తర్వాత మాట్లాడు" అని మరీ చెప్పి వెళ్లింది. చదవకుండా మాట్లాడడం నా అలవాటని దానికి తెలుసు.

ట్రైనర్‌ని కూడా అదే కుదిర్చింది. అతగాడి మొదటి మాటతోనే నాకు పేచీ వచ్చింది. పాతికేళ్ల కుర్రాడు, బూట్లు విప్పకుండా హాల్లోకి వచ్చేసి (అదొకటి), "కుక్క స్వతహాగా గుహల్లో ఉండే జంతువు అంకుల్, ఇది దానికి గుహ లెక్క" అన్నాడు. తోడేలు గుహలో ఉండేది పిల్లల్ని కన్నప్పుడు, అవి గెంతులేసే వయసొచ్చేదాకా. ఆ కొన్ని వారాలు దాటితే పెద్ద తోడేళ్లు ఆరుబయటే పడుకుంటాయి. మన వీధికుక్కా అంతే. ఈనేటప్పుడు ఏ తూములోనో, కదలని లారీ కిందో గొయ్యి తవ్వుకుని చోటు చూసుకుంటుంది. మిగతా కాలమంతా దానికి నడిరోడ్డే పట్టెమంచం. ఇదంతా నేను చెబుతుంటే కుర్రాడు ఫోను చూసుకున్నాడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పైన కప్పు, పక్కన ఆనుడు ఉన్న చోటంటే చాలా కుక్కలకు ఇష్టమే. తెనాలిలో మా పెంకుటింటి నల్లకుక్క చలికాలమంతా చల్లారిన పొయ్యి బూడిదలో పడుకుని, తెల్లారేసరికి తెల్లకుక్కై లేచేది. వానొస్తే నవారు మంచం కింద దూరేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ తలుపు వేయలేదు. అసలు తలుపే లేదు.

తెలుగులో ఈ కుక్క చట్రానికి మాట లేకపోవడానికి కారణం అదే అనుకుంటాను. చిలకకు పంజరం, కోడికి గంప, పంట మేసిన పశువుకు బందెలదొడ్డి, పులికి బోను. ఇంతమందికి ఇన్ని ఏర్పాట్లు చేసిన భాష కుక్కకు మాత్రం మెడలో గొలుసు వేసి గుమ్మంలో వదిలేసింది. ఇంట్లోదీ కాదు, వీధిదీ కాదు. ధర్మరాజు వెంట నడిచిన కుక్క విషయంలో కూడా తగువంతా స్వర్గం గుమ్మం దగ్గరే వచ్చింది. సుమతీ శతకంలో సింహాసనం దాకా వెళ్లింది గానీ, పెట్టెలోకి పంపాలని ఆ కవికీ తోచలేదు.

ఇక బోను. బోను అంటే మీలో చాలామందికి కోర్టు గుర్తొస్తుంది. జూపార్కుకి వెళ్లొచ్చిన పిల్లలకి పులి. నాకు మాత్రం ఎలకబోను. మా నాన్నగారి ఎలకబోను. చెక్కపెట్టె, పైకి లేచే రేకు తలుపు, లోపల కొక్కెం. ధాన్యం బస్తాలు ఇంట్లోకి వచ్చాయంటే మాకంటే ముందు ఎలకలకు సంక్రాంతి. రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు ఎండుకొబ్బరి ముక్కను నిప్పుల మీద కాల్చేవారు. దీపం మీద కాలిస్తే కిరసనాయిలు వాసనొస్తుంది, ఆ వాసనకు ఎలక రాదని ఆయన సిద్ధాంతం. కొక్కేనికి గుచ్చేటప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. పిల్లల చెయ్యి పడితే జంతికల వాసనట. అర్ధరాత్రి టప్‌మని రేకు పడేది. ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవాళ్లం. నాన్నగారు మాత్రం అటు తిరిగి పడుకుని, "తెల్లారనీ" అనేవారు.

మా ఇంట్లో చంపే అలవాటు లేదు. పొద్దున్నే బోను చేత పట్టుకుని కాలవ వంతెన దాటి, అవతలి చేలల్లో వదిలి వచ్చేవారు. పక్కింటాయనకు అంత ఓపిక లేదు. తన బోనులో పడ్డ ఎలకల్ని చీకటితోనే గోడ మీదుగా మా పెరట్లోకి జారవిడిచేవాడు. ఇది అనుమానం కాదండోయ్, రుజువైన సంగతి. తోక సగం తెగిన ఎలక ఒకటి తమ బోనులో పడిందని వాళ్లబ్బాయి బళ్లో నాకు గొప్పలు చెప్పాడు. మర్నాడు అదే సగం తోక మా బోనులో! నాన్నగారికి చెబితే ఒక్క క్షణం దాన్ని చూసి, "పాపం, వాళ్లింట్లో తిండి సరిపోలేదేమో" అన్నారు. అడగమని అమ్మ పోరింది. ఇరుగుపొరుగున ఉండి ఎలక దగ్గర మాటలేమిటన్నారు. యాభై ఏళ్లు దాటింది. ఆ పక్కింటాయన తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, కాలం చేసి కూడా చాలా ఏళ్లయింది. నా లెక్కలో మాత్రం ఆయన పేరున ఒక ఎలక బాకీ ఉంది.

ఎక్కడున్నాం? ఆఁ, బోను. ఎలకబోనుకూ ఈ కుక్క చట్రానికీ మొదటి పాఠం ఒకటే. లోపల తిండి పెట్టాలి, జంతువు తనంతట తానే వెళ్లాలి. తేడా ఆ తర్వాత. అక్కడ రేకు పడడమే విద్య. ఇక్కడ పడకుండా ఆపడం విద్య.

ఫ్రిజ్ మీది కాగితం చదివాను, ఒప్పుకుంటున్నాను. మొదటి మూడు రోజులూ తలుపును తాడుతో పక్కకు కట్టేశాం, గాలికి కదిలి చప్పుడు చేసి పిల్లను బెదరగొట్టకుండా. పెరుగన్నం గిన్నె మొదట గుమ్మం బయట, తర్వాత గుమ్మంలో, ఆ తర్వాత లోపలి మూలన. తింటుండగా తలుపు చేర్చి, గిన్నె ఖాళీ అయ్యే లోపే తీసేయాలి. అక్కణ్నుంచి ఒక నిమిషం, రెండు, ఐదు. పక్కనే కుర్చీ వేసుకుని నేను పేపరు చదువుతుంటే అది లోపల పడుకోవడం. తర్వాత నేను వంటింట్లోకి వెళ్లి రావడం. తర్వాత వీధి గేటు దాకా. తొందరపడి ఒకేసారి రెండు మెట్లెక్కితే మళ్లీ కింది మెట్టు నుంచి మొదలెట్టాలి.

కుయ్యోమంటే తీయాలా వద్దా అన్నది మా ఇంట్లో పెద్ద మీమాంస. అరిచినప్పుడల్లా తీస్తే అరుపే తాళంచెవి అని నేర్చుకుంటుంది, కాస్త ఆగిన క్షణం చూసి తీయాలి. కానీ ఒంటికొచ్చి అరిచే అరుపు వేరు, దాన్ని పట్టించుకోకపోతే పాపం మనదే. కుక్క తను పడుకునే చోటు తడపడానికి ఇష్టపడదు. ఈ తతంగమంతా నిలబడ్డది ఆ ఒక్క గుణం మీదే. అందుకే చట్రం మరీ పెద్దదైనా పనికిరాదు, ఒక మూల పడగ్గది, ఇంకో మూల మరుగుదొడ్డి చేసుకుంటుంది. తల వంచకుండా నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. అంత చోటు చాలు. ఎదిగే పిల్ల కాబట్టి మా 36 అంగుళాల దానిలో మధ్య ఒక అడ్డు పెట్టారు, కోకో పెరిగే కొద్దీ వెనక్కి జరుపుకోవచ్చు. ఎంతసేపు ఆపుకోగలదన్న దానికి ఓ మోటు లెక్క ఉంది. వయసు ఎన్ని నెలలో అన్నిటికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు. కోకోకి ఆరు. అది హద్దు, అంతేగానీ ఆరు గంటలూ మూసి ఉంచమని కాదు. రాత్రిళ్లు మూడో గంటకు నేనే లేస్తున్నాను. నాకూ అవసరమే గనక ఇద్దరం కలిసి వెళ్లొస్తున్నాం.

ఇంకో రెండు మాటలు. మెడపట్టీ విప్పి లోపలికి పంపాలి, ఊచల్లో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. చుట్టూ దుప్పటి కప్పి ముద్దుగా అమర్చిన ఫొటోలు చూసి మోసపోకండి. ఏప్రిల్‌లో హైదరాబాదు హాల్లో ఫ్యాను గాలి తగలని పెట్టె కుంపటితో సమానం. మరొకటి, ఒంటరిగా వదిలితే బెంబేలెత్తిపోయే కుక్కకు ఇది మందు కాదు. ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకునేవీ, గోళ్లు ఊడగొట్టుకునేవీ ఉంటాయి.

అన్నీ సవ్యంగా సాగుతుండగా రెండో వారంలో కోకో మా ఆవిడ గద్వాల చీర అంచు కొరికింది. ఆవిడకు కోపం రావడంలో తప్పు లేదు, ఆ చీర వాళ్ల నాన్నగారు పెట్టింది. "పద బోనులోకి!" అని మెడ పట్టుకుని తోసి తలుపు వేసింది. ఐదు నిమిషాలే. తర్వాత తనే తీసి, బిస్కెట్ పెట్టి, కళ్లు కూడా తుడుచుకుంది. అయినా నాలుగు రోజులు కోకో ఆ చట్రం వైపు చూడలేదు. పెరుగన్నం గిన్నె మళ్లీ గుమ్మం బయటికి వచ్చింది. మనవడు అప్పటికే "బోనులో పెడతా" అనడం నేర్చుకున్నాడు. కుక్కనే కాదు, వాళ్లమ్మని కూడా అంటున్నాడు.

ఆవిడ చేత ఆ పని చేయించింది సగం కోపం, సగం ఆ మాట. "బోనులోకి" అన్నాక తొయ్యడమే గదా తరువాయి! అదే గూడు అనుకోండి. గూటిలోకి తొయ్యడం అని మనం అనం, గూటికి చేరడమే అంటాం. నేను కొన్నాళ్లు గూడు అని పిలిచి చూశాను కూడా. కానీ పార్టీ మారి తిరిగొచ్చిన వాళ్లందరినీ "సొంత గూటికి" పంపి పంపి మన పేపర్లు ఆ మాటకు వాసన పట్టించాయి. హాల్లో ఊచల వెనక కనిపించే మొహాలు కూడా అవే.

మధ్యలో పెళ్లికని ఊరెళ్తూ కోకోని రెండు రోజులు ఒక కుక్కల హాస్టల్లో ఉంచాం. పేరెందుకు లెండి. తీసుకురావడానికి వెళితే వరసగా పేర్చిన బోనులు (ఇక్కడ ఆ మాటే సరైనది), అన్నిటికీ గడియలు. పొద్దుట ఓసారి, సాయంత్రం ఓసారి తప్ప బయటికి తీయలేదట. "మీది క్రేట్ ట్రైనింగ్ అయిన కుక్కే కదా సార్, నోరెత్తలేదు" అని మెచ్చుకున్నారు. నోరెత్తకపోవడం సుఖంగా ఉండడమని వీళ్లకెవరు చెప్పారో! జంతువు తగినంత మసలడానికి వీల్లేని బోనులో ఉంచడం హింసే అని మన చట్టం 1960లోనే అంది. స్వీడన్, ఫిన్లాండ్ ఇంకా ముందుకెళ్లి, ఇంట్లో కుక్కను ఇలా మూసి ఉంచడం మీదే ఆంక్షలు పెట్టాయి. ప్రయాణానికైతే సరే. అమెరికాలో మాత్రం ఇది ఇంటింటి సామాను.

నోరెత్తని కుక్కంటే నాకు లైకా గుర్తొస్తుంది. మాస్కో వీధుల్లో తిరిగిన ఊరకుక్కే, మా కోకో కులమే. స్పుత్నిక్-2 లోపలి ఇరుకుకు అలవాటు పడాలని దాన్నీ, తోటి కుక్కల్నీ రోజురోజుకీ చిన్న పెట్టెల్లోకి మార్చారు, ఒక్కోసారి ఇరవై రోజుల దాకా ఉంచారు. ఓర్చుకుంది. 1957 నవంబరు 3న అంతరిక్షంలోకి పంపారు. ఆ తలుపు మళ్లీ తీసే ఏర్పాటు ఎవరూ చేయలేదు, మొదటినుంచీ.

అమ్మాయి వచ్చే నెల వస్తోంది. కోకో ఇప్పుడు మధ్యాహ్నాలు తనే వెళ్లి పడుకుంటోంది, మొన్న పై అంతస్తులో గోడకు డ్రిల్లు పెట్టినప్పుడు కూడా పరుగున వెళ్లి అందులోనే దూరింది. పేరొక్కటే తేలలేదు. గంప అందామంటే కోళ్లు, అర అంటే ధాన్యం, కొట్టు అంటే కిరాణా. గొల్లకురుమల ఇళ్లలోనో, సీమ పల్లెల్లోనో, మీ అమ్మమ్మ నోటనో, ఓ జీవి తనంతట తాను వెళ్లి ఒదిగే చోటుకు ఏదైనా మాట విని ఉంటే ఓ ఉత్తరం ముక్క రాయండి. బోను మాత్రం వద్దు.