నొక్కేది ఎక్కడ?

ఫోన్ తెరల అలంకరణ మీద డిజైనర్ల మధ్య పదిహేనేళ్లుగా నడుస్తున్న తగవు బయటివాళ్లకు ఉత్త ఫ్యాషన్ గొడవలా కనిపిస్తుంది. కొన్నాళ్లు మెరుపులూ నీడలూ అన్నారు. తర్వాత అవన్నీ తీసేసి చదునైన రంగులు చాలన్నారు. ఇప్పుడు గాజు అంటున్నారు. ఎవరి ముచ్చట వాళ్లదిలే అని వదిలేయవచ్చు గానీ, ఈ తగవులో నిజానికి అందం పాలు తక్కువ. ఫోన్ తెర అంటే నున్నటి పలక. గోడ మీది స్విచ్చునైతే చీకట్లో కూడా తడిమి పట్టుకోవచ్చు. తెరను ఎంత తడిమినా ఎత్తూ పల్లమూ తగలవు. ఏది నొక్కేది, ఏది చదివి ఊరుకునేది, ఏది మనం రాయడానికి వదిలిన ఖాళీ అన్నది కంటికే తెలియాలి. అందుకు ఉన్న ఆనవాళ్లు లెక్కపెడితే అయిదే: గీత, నీడ, రంగు, చోటు, మాట. ఏ శైలి అయినా వీటిలో కొన్నిటిని ఉంచుకుని కొన్నిటిని వదులుకుంటుంది. వదిలినవి పోగా మిగిలినవాటితో పని జరుగుతుందా అన్నదే శైలులను తూచడానికి తగిన తూకం. ఆ తూకంలో పెడితే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. ఇంగ్లిష్ తెర మీద గట్టెక్కిన శైలి తెలుగు తెర మీద గట్టెక్కుతుందన్న హామీ లేదు.

ఈ కథ వస్తువులను పోలిన బొమ్మలతో మొదలైంది. 1981లో జిరాక్స్ తెచ్చిన స్టార్ కంప్యూటర్ తెర మీదే కాగితాలూ ఫోల్డర్లూ బొమ్మలై కనిపించాయి. 1984లో మాకింటాష్‌కు సూసన్ కేర్ గీసిన ఐకాన్లు అదే దారిలో నడిచాయి. కంప్యూటర్ ఎరగనివాళ్లకు తెలిసిన ఆఫీసు బల్లను చూపించి భయం పోగొట్టడం అందులోని కిటుకు. ఐఫోన్ వచ్చాక ఆ పోలిక ముదిరింది. 2012 నాటికి యాపిల్ తెరల మీద నోట్స్ అంటే పసుపుపచ్చ గీతల కాగితం, పుస్తకాలంటే చెక్క అరలు, క్యాలెండర్ అంటే తోలు అట్ట, దాని మీద దారపు కుట్లు, పైన చింపేసిన కాగితాల అంచులు. దీన్ని వెక్కిరించడం తేలికే. అయితే ఇక్కడ రెండు రకాల అనుకరణలు కలగలిసిపోయాయి, వాటిని విడదీయాలి. బటన్ కింది సన్నటి నీడ ఒక కబురు చెబుతుంది: ఇది పైకి లేచి ఉంది, నొక్కితే దిగుతుంది. తోలు మీది కుట్టు ఏ కబురూ చెప్పదు. కొన్ని అలంకారాలైతే అబద్ధమే చెప్పేవి. ఐప్యాడ్‌లో కాంటాక్టుల జాబితా తెరిచిపెట్టిన పుస్తకంలా ఉండేది, తీరా పేజీ తిప్పబోతే తిరిగేది కాదు. వస్తువు తనతో ఏం చేయవచ్చో తానే తెలియజెప్పాలని డిజైన్ పండితుడు డాన్ నార్మన్ 1988లోనే రాశాడు. నీడ ఆ పని చేస్తుంది, కుట్టు చేయదు.

చదును శైలి ఈ తేడాను పట్టించుకోలేదు. మైక్రోసాఫ్ట్ 2010లో విండోస్ ఫోన్‌తో, 2012లో విండోస్ 8తో ముందు నడిచింది. 2013 సెప్టెంబరులో ఐఓఎస్ 7తో యాపిల్ కూడా అదే బాట పట్టింది. కారణాలు బలమైనవే. అప్పటికే తెరలు లెక్కలేనన్ని సైజుల్లో వచ్చేశాయి. ఈథన్ మార్కాట్ 2010లో ప్రతిపాదించిన రెస్పాన్సివ్ పద్ధతిలో ఒకే పేజీ ఫోన్‌లో ఒక వరుసగా, కంప్యూటర్‌లో మూడు వరుసలుగా సర్దుకోవాలి. తోలు బొమ్మను అలా సాగదీయలేం. రంగునూ అక్షరాన్నీ ఎలాగైనా పరచుకోవచ్చు. కానీ తోలును పారేస్తూ దానితోపాటు నీడనూ గీతనూ కూడా పారేశారు. ఐఓఎస్ 7లో చాలా బటన్లు ఉత్త నీలి మాటలయ్యాయి. ఆరు నెలలు తిరక్కుండానే, 2014 మార్చిలో, బటన్లకు ఆకారం చూపించే మీట ఒకటి సెట్టింగుల్లో పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో గూగుల్ మెటీరియల్ డిజైన్ పేరుతో నీడను వెనక్కి తెచ్చింది గానీ, రాసే పెట్టెను అడుగున ఒక్క గీతకు కుదించింది. వాడేవాళ్ల మీద పరీక్షలు చేశాక మళ్లీ పెట్టెకే వచ్చింది. 2017లో నీల్సన్ నార్మన్ గ్రూప్ అనే పరిశోధన సంస్థ ప్రతి పేజీనీ రెండు రకాలుగా తయారుచేసి 71 మందికి చూపించి కంటి చూపు ఎటు పోతోందో కొలిచింది. ఆనవాళ్లు పలచబడిన పేజీల మీద వెతుకులాటకు సగటున 22 శాతం ఎక్కువ సమయం పట్టింది.

దీనికి చదును శైలివాళ్ల దగ్గర ఒక గట్టి జవాబుంది. గాజు మీద నొక్కడం ఇప్పుడు ఎవరికి రాదు, ఇంకా ఓనమాలు దిద్దించడమెందుకు అంటారు. కొంత నిజముంది, ఒకదాని కింద ఒకటిగా గీసిన మూడు గీతలు మెనూ అని ఈరోజు చాలామందికి తెలుసు. కానీ అలవాటు సంఘానికంతటికీ ఒక్కసారి జరిగిపోయే పని కాదు, ఒక్కో మనిషికీ విడిగా జరగాలి. పింఛను వివరాలు చూసుకోవడానికి జీవితంలో మొదటిసారి తెర పట్టుకున్నవాళ్లకు మిగతావాళ్ల పదేళ్ల అలవాటు ఎందుకూ పనికిరాదు. పైగా అలవాటు యాప్ దాటితే చెల్లదు. ఒక యాప్‌లో నీలి మాట బటన్, పక్క యాప్‌లో అదే నీలం ఉత్త శీర్షిక. పై పరీక్షలో తడబడ్డవాళ్లు కూడా కొత్తవాళ్లు కారు, నెట్ వాడే సామాన్యులే.

ఇప్పుడు తెలుగు తెర దగ్గరికి వద్దాం. గీతా నీడా పోయాక బటన్‌ను బటన్‌గా నిలబెట్టడానికి ఇంగ్లిష్‌లో ఒక తురుపుముక్క మిగిలింది: పెద్దక్షరాలు. 2014 నాటి మెటీరియల్‌లో బటన్ మీది మాటంతా పెద్దక్షరాల్లోనే ఉండేది, చుట్టూ ఉన్న చిన్నక్షరాల మధ్య దాన్ని వేరుచేసేది అదే. తెలుగులో పెద్దక్షరమూ చిన్నక్షరమూ లేవు. అదే తెరను తెలుగులోకి మారిస్తే బటన్ వాక్యంలో కలిసిపోతుంది, ఇక మిగిలేది రంగు ఒక్కటే. రంగులు పోల్చుకోలేనివారికి అదీ ఉండదు. బొద్దు అక్షరాలు వాడదామంటే, చిన్న సైజులో మన అక్షరాల పొట్టలు పూడుకుపోయి ‘మ’, ‘య’ ఒకే ముద్దలా కనిపిస్తాయి. ఎత్తు సంగతి మరీ కష్టం. ఇంగ్లిష్ అక్షరానికి కొలిచి కట్టిన బటన్‌లో పైన గుడికీ కింద వత్తుకూ చోటుండదు. ‘రాష్ట్రం’ లాంటి మాటలో ష కింద ట వత్తు, ర వత్తు రెండూ రావాలి. పెట్టె అడుగు అంచు దగ్గర వత్తు తెగితే ‘చెల్లింపు రద్దు’ కాస్తా ‘చెలింపు రదు’ అవుతుంది. డబ్బు పంపే తెర మీద ఆ రెండు మాటలూ స్పష్టంగా చదవగలగాలి.

శైలి పోగొట్టినదాన్ని అమరిక కొంతవరకు పూడ్చగలదు. దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా తీసుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్టైమర్ 1923లోనే చూపించాడు. నీడ లేకపోయినా, బటన్ చుట్టూ ధారాళంగా ఖాళీ వదిలి, ప్రతి తెరలోనూ దాన్ని ఒకేచోట ఉంచితే వేలికి దారి తెలుస్తుంది. కానీ జరుగుతున్నది వేరు. తెర నీటుగా కనిపించాలని సగం అంశాలను మూడు గీతల వెనక దాస్తారు. 2016లో నీల్సన్ నార్మన్ గ్రూప్ 179 మందితో చేసిన అధ్యయనంలో, మెనూను దాచేస్తే లోపల ఏముందో కనిపెట్టగలగడం దాదాపు సగానికి పడిపోయింది. దాచకుండా బయటపెట్టినవాటికేమో ఇరుకు గళ్లు కేటాయిస్తారు. తెలుగు మాట గడిలో పట్టకపోతే చివర చుక్కలు పెట్టి కత్తిరిస్తారు. ఇంగ్లిష్‌లో వద్దనే మాట ముందే వస్తుంది, తోక తెగినా భావం మిగులుతుంది. మన క్రియలో అది చివరికి వస్తుంది. పక్కపక్కనే ‘తొలగించు’, ‘తొలగించవద్దు’ అని రెండు బటన్లుంటే, రెండోది ‘తొలగించ…’ అయి మొదటిదాని పాటే పాడుతుంది. నీడ లేదు, గీత లేదు, పెద్దక్షరం లేదు. ఆఖరికి మిగిలిన మాట కూడా తిరగబడింది.

ఇవన్నీ చక్కబెట్టాలంటే తెర నిండా గీతలూ పెట్టెలూ నింపాలా అని డిజైనర్లు అడగవచ్చు. అక్కర్లేదు. ఒక తెర మీద ముఖ్యమైన పని సాధారణంగా ఒకటే ఉంటుంది. దానికి నిండు రంగు పెట్టె, రెండోదానికి చుట్టూ సన్నటి గీత, మిగతావాటికి మంచి చోటు ఇస్తే చాలు. తెలుగువాళ్లే ఫోన్‌ను ఇంగ్లిష్‌లో పెట్టుకుంటారు కదా, ఈ శ్రమ ఎవరికోసం అన్నది ఇంకో ప్రశ్న. తెగిన వత్తులూ సగం మాటలూ ఉన్న తెరను ఇచ్చి, జనం దాన్ని వదిలేస్తే తెలుగుకు గిరాకీ లేదని తేల్చడం న్యాయమైన లెక్క కాదు. ఫాంట్లు చేసేవాళ్లు చూసుకోవాల్సిన పని కదా అని తప్పించుకోవడమూ కుదరదు. అక్షరాన్ని ఎంత అందంగా చెక్కినా, దాన్ని ఇరికించే పెట్టె ఎత్తును నిర్ణయించేది తెర గీసినవాళ్లే.

2025 జూన్‌లో యాపిల్ లిక్విడ్ గ్లాస్ పేరిట గాజు శైలిని ప్రకటించింది. బటన్ల గుండా వెనకనున్న ఫొటో కనిపిస్తుంది, ఫొటోను బట్టి మాట తేటపడుతుంది లేదా మసకబారుతుంది. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలన్న వెబ్ ప్రమాణం 2008 నుంచీ ఉంది. వెనక ఏ బొమ్మ వస్తుందో తెలియని గాజు మీద ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. కొద్ది నెలలకే ఐఓఎస్ 26.1లో గాజును చిక్కబరుచుకునే వీలు సెట్టింగుల్లోకి వచ్చింది. 2014లో బటన్ల ఆకారానికి జరిగిందే ఇది. శైలి వదిలేసినదాన్ని సెట్టింగుల్లో వెతుక్కోమనడం తప్పును ఒప్పుకోవడంతో సమానం, పైగా ఆ సెట్టింగ్ దాకా వెళ్లగలిగేది తెర బాగా తెలిసినవాళ్లే. రేపు ఇంకో శైలి వస్తుంది, దాన్నీ ఇదే తూకంలో పెట్టాలి. మన దగ్గర తెరలు గీసేవాళ్లకు ఒక తేలిక దారి కూడా ఉంది: నమూనాలో మొదట తెలుగే పెట్టి గీయడం, అదీ వత్తులున్న మాటలతో, పొడవైన క్రియలతో. తెలుగుకు సరిపోయేలా కట్టిన పెట్టెలో ఇంగ్లిష్ హాయిగా ఇముడుతుంది. ఇంగ్లిష్‌కు కొలిచి కట్టిన పెట్టెలో తెలుగు ఇమడదని ఇన్నేళ్ల అనుభవం చెబుతూనే ఉంది.