అయిదు వందల ఎనభై రెండేళ్ళ పసివాడు

శుక్రవారంనాడు ఇస్తిరాహా అద్దెకు తీసుకుని మన సంఘం వాళ్ళం కలుసుకున్నప్పుడు ఒక చిత్రం మీరూ గమనించే ఉంటారు. పులిహోర గిన్నెలు దించీ దించకముందే డాక్టర్లు ఒక చాప, చమురు కంపెనీ ఇంజనీర్లు ఒక చాప, సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒక చాప అయిపోతాం. ఆ సాఫ్ట్‌వేర్ చాపలో మళ్ళీ మెట్లు. ప్రోగ్రాములు రాసేవాళ్ళది పై మెట్టు, వాటిని పరీక్షించేవాళ్ళది కింది మెట్టు. సంబంధాలు చూసే తల్లులు సైతం "అబ్బాయి డెవలపరా, టెస్టరా?" అని అడగటం నేర్చుకున్నారు. టెస్టర్ అని తెలిస్తే "పోనీలెండి, ఉద్యోగం ఉద్యోగమే గదా" అని సర్దుకుంటారు. ఆ మాటకు నవ్విన వాళ్ళలో మేమూ ఉన్నాం. ఈ నాలుగు ముక్కలూ ఆ నవ్వు తాలూకు బాకీ తీర్చుకోవడానికి రాస్తున్నాం.

మేము అంటే మేమిద్దరం. భార్యాభర్తలం, ఇద్దరం డాక్టర్లం. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకుని ఈ దేశం వచ్చి, తూర్పు ప్రాంతంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాం. ఇకముందు చెప్పబోయే తప్పు మా ఇద్దరిలో ఎవరి చేతి మీదుగా జరిగిందో మాత్రం చెప్పం. కష్టసుఖాలు ఇద్దరివీ అని పెళ్ళిపీటల మీద ఒప్పుకున్నాం కనుక తప్పు కూడా ఇద్దరి ఖాతాలోనే రాసుకున్నాం.

2023లో మా ఆసుపత్రి పాత కంప్యూటరు పద్ధతి తీసేసి కొత్తది పెట్టాలని నిశ్చయించింది. దానిని పరీక్షించడానికి హైదరాబాదు నుంచి అయిదుగురు వచ్చారు. వాళ్ళకు పెద్ద వరంగల్ వైపు కుర్రవాడు. మనిషి మెతక, మాట తక్కువ, అనుమానం ఎక్కువ. వాళ్ళ పరీక్షలు అయ్యాక చివరగా డాక్టర్లూ నర్సులూ కూర్చుని, రోజూ చేసే పనులన్నీ కొత్త పద్ధతిలో ఒకసారి చేసి చూసి, "మాకు సమ్మతమే" అని సంతకం పెట్టాలి. మా వంతుకు తొంభై ఆరు పనుల జాబితా ఇచ్చారు. మేము పన్నెండు చేశాం. మిగతావాటికీ కలిపి సంతకాలు పెట్టేశాం.

కుర్రవాడు కాగితం చేతిలో పట్టుకుని కదలలేదు. "నడిపి సూడలేదు గద సార్, మరి సంతకం ఎట్ల?" అన్నాడు.

"నువ్వు చూశావుగా తమ్ముడూ" అన్నాం, వాచీ చూసుకుంటూ.

"బటన్ పనిచేస్తుందా లేదా అన్నంతవరకే నేను సూసిన. మందు సరిగ్గ పోతుందా లేదా అన్నది మీరే సూడాలె. అది నాకు తెల్వది."

ఆ మాట మాకు కొంచెం గుచ్చుకుంది. గుచ్చుకున్నది నిజం కావటం వల్ల అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రవాడు మనకు పాఠం చెబుతున్నాడే అనుకున్నాం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే జబ్బు మన వృత్తిలో బాగా ముదిరినదే. చదువుకునే రోజుల్లో పెద్ద ప్రొఫెసరుగారు రౌండ్లకు వస్తే వెనకాల ముప్ఫై మందిమి నడిచేవాళ్ళం. ఆయన కుడికాలికి బదులు ఎడమకాలు అన్నా ఆ ముప్ఫై తలలూ ఊగవలసిందే.

ఇంతకూ ఆ కుర్రవాడి అనుమానం ఏమిటో చెప్పాలి. ఇక్కడ రెండు కాలెండర్లు నడుస్తాయని మీకు తెలుసు. ప్రభుత్వోద్యోగుల జీతాలు కూడా 2016 అక్టోబరు దాకా హిజ్రీ నెలల లెక్కనే వచ్చేవి. హిజ్రీ ఏడాదికి 354 రోజులో 355 రోజులో ఉంటాయి, నెలకు 29 గాని 30 గాని. ఆ లెక్కన సఫర్ నెల 30వ తేదీన బిడ్డ పుట్టవచ్చు. సఫర్ రెండో నెల. ఇంగ్లీషు కాలెండరు ఒక్కటే ఎరిగిన యంత్రానికి రెండో నెలలో ముప్ఫయ్యో తేదీ అంటే మతి పోతుంది. పాత ఫైళ్ళలో కొన్నింట హిజ్రీ పుట్టిన తేదీ పొరపాటున ఇంగ్లీషు తేదీ గడిలో పడి ఉన్నదని మనవాడు కనిపెట్టాడు. 1441లో పుట్టిన బిడ్డను యంత్రం క్రీస్తుశకం 1441లో పుట్టినట్టు లెక్కగట్టి, 582 ఏళ్ళ వయసు ఇచ్చింది. సమావేశంలో ఈ సంగతి చెప్పగానే అందరూ పగలబడి నవ్వారు. "కృష్ణదేవరాయల కంటే పెద్దవాడన్నమాట" అని మేము తెలుగులో జోకు కూడా వేశాం.

అతను నవ్వలేదు. "అంత వయసు కనబడితే మిషిను దాన్ని 'వయసు తెలియదు' అని పక్కన పెడుతుంది. అప్పుడు పిల్లల మోతాదు తనిఖీ చెప్పకుండనే బందయిపోతుంది. ఇది పెద్ద తప్పే గద?" అని మావైపు తిరిగి అడిగాడు. డాక్టరు నోటివెంట "అవును" అన్న ఒక్క మాట వస్తే దానిని పెద్ద తప్పుల పట్టికలో పెట్టేవారు. మేము "మోతాదు డాక్టరుకు తెలుసు, యంత్రం చెప్పాలా?" అన్నాం. దానిని చిన్న తప్పుల పట్టికలోకి తోసి, తర్వాత చూద్దామన్నారు.

కొత్త పద్ధతి మొదలైన మూడో వారం. తెల్లవారుజామున మూడు గంటలు. జ్వరంతో నాలుగేళ్ళ బాబు, 16 కిలోల బరువు, నోటివెంట ఏమీ నిలవడం లేదు. నరం ద్వారా పారసెటమాల్ రాశాం. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 240 మిల్లీగ్రాములు. ఆ మందు మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది గనుక 24 మిల్లీలీటర్లు ఎక్కాలి. నిద్రమత్తులో 240 అంకె మిల్లీలీటర్ల గడిలో కొట్టాం. సరిగ్గా పదింతలు. యంత్రం ఒప్పుకోకూడదు. ఒప్పుకుంది. ఎందుకంటే దాని లెక్కలో ఆ బాబుకు 582 ఏళ్ళు.

ఆపినది యంత్రం కాదు, మేమూ కాదు. కొట్టాయం నుంచి వచ్చిన సిస్టరు. వంద మిల్లీలీటర్ల సీసా తెరిచి చేతిలో పట్టుకుని వచ్చి, "డాక్టర్, ఇంత పిల్లవాడికి మూడు సీసాలు తెరవాలా?" అని మెల్లిగా అడిగింది. అడిగేటప్పుడు ఆమె గొంతులో భయం ఉంది. బాబును చూసి కాదు, మమ్మల్ని చూసి. డాక్టరును ప్రశ్నించడానికి ఆమె వార్డు పొడుగునా నడుస్తూ ధైర్యం కూడగట్టుకుని ఉంటుంది. ఆ అడుగుల్లో ఆమె మనసు మార్చుకుని ఉంటే ఏమయ్యేదో కాలేయం సంగతి తెలిసినవాళ్ళం గనుక మాకు విడమరిచి చెప్పనక్కర లేదు.

బాబు మర్నాటికల్లా ఇడ్లీలాంటిదేదో తిని కూర్చున్నాడు. వాళ్ళ నాన్న మాకు ఖర్జూరాల పెట్టె ఇచ్చి వెళ్ళాడు. ఆ పెట్టె చాలా రోజులు ఇంట్లో తెరవకుండానే ఉండిపోయింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఇలాంటిది జరిగితే, హాని జరగకపోయినా సరే, ఓవీఆర్ అనే కాగితం నింపాలి. తెలిసింది ముగ్గురికి. సిస్టరు "మీ ఇష్టం డాక్టర్" అంది. మా ఒప్పందం పొడిగింపుకు రెండు నెలలే గడువు. విజయవాడలో ఇంటి అప్పు, ఇక్కడ పిల్లల బడి ఫీజులు. కాగితం నింపితే వేగిరపాటు ఒక్కటే కాదు, తొంభై ఆరింటికి పెట్టిన ఆ సంతకాలు కూడా బయటపడతాయి. ఆ తెల్లవారుజామున వంటింట్లో కూర్చుని మేమిద్దరం గొంతు తగ్గించి పోట్లాడుకున్నాం. ఒకరిది "ఏమీ జరగలేదు కదా" అనే వాదన. రెండోవారిది "ఇంకో ఫైలులో ఇంకో బాబు ఉంటే?" అనే వాదన. ఎవరిది ఏ వాదనో అదీ చెప్పం.

చివరకు హైదరాబాదు వెళ్ళిపోయిన ఆ కుర్రవాడికి ఫోను చేశాం. నిజం చెప్పాలంటే, అతని పేరు కూడా దెబ్బతింటుందేమో, వద్దంటాడేమో అన్న చిన్న ఆశ లోపల ఉంది. అంతా విని అతను, "బాబు మంచిగున్నడా?" అని ముందు అడిగాడు. తర్వాత, "రాయండి అన్నా, వదినా. నా బగ్ నంబరు గూడ రాయండి. రాస్తెనే అది మల్ల తెరుసుకుంటది" అన్నాడు. "నేను చెప్పానుగా" అన్న మాట అతని నోట రాలేదు. వస్తే మాకు కొంచెం తేలికగా ఉండేది.

రాశాం.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాం. 1979లో గ్లెన్‌ఫోర్డ్ మైయర్స్ అనే ఆయన పరీక్షించే విద్య మీద ఒక పుస్తకం రాశాడు. ప్రోగ్రాము బాగుందని చూపడానికి కాక, అందులో తప్పు పట్టుకోవాలనే ఉద్దేశంతోనే దాన్ని నడపాలని ఆయన మూలసూత్రం. రాసినవాడు తనదానిని తానే సరిగా పరీక్షించలేడనీ అన్నాడు. ఇది మనకు కొత్త కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు. నగ చేసిన అగసాలి దగ్గరే వన్నె కట్టించుకోము, వేరే వాడి గీటురాయి దగ్గరకు వెళతాము. మా అమ్మమ్మ అంతటి వంటమనిషి, చారు దించేముందు అరచేతిలో ఒక చుక్క వేసి "ఉప్పు చూడవే" అనేది. ఆవిడకు చేతకాక కాదు. పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరున్న నాలుక తనను మోసం చేస్తుందని తెలిసి.

చేతి వన్నె మీద నమ్మకం ముదిరితే ఏమవుతుందో థెరాక్-25 కథ చెబుతుంది. కాన్సరుకు రేడియేషన్ ఇచ్చే ఆ యంత్రం 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాలలో ఆరుగురికి విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. పాత నమూనాలలో తప్పు జరిగితే ఆపే విడి సాధనాలు ఉండేవి. కొత్తదానిలో వాటిని తీసి భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు. ఒళ్ళు కాలిందని రోగులు మొత్తుకుంటుంటే, మా యంత్రం అలా చేయడం అసాధ్యం అని తయారీదారులు మొదట్లో బదులిచ్చారు. "మోతాదు డాక్టరుకు తెలుసు" అన్న మా మాటకు అది అన్నగారే.

1999 చివర అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక నివేదిక తెచ్చింది. వైద్యంలో పొరపాట్ల వల్ల ఆ దేశపు ఆసుపత్రులలో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. ఆ నివేదిక సారాంశం చెడ్డ డాక్టర్లు ఉన్నారని కాదు. మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పు రోగి దాకా పోకుండా అడ్డుకట్టలు పద్ధతిలోనే ఉండాలని. టొయోటా కర్మాగారంలో చిన్న పనివాడు కూడా తప్పు కనబడితే తాడు లాగి మొత్తం పని ఆపించవచ్చు. మన సిస్టరు చేసింది అదే, కాకపోతే ఆమెకు తాడు ఎవరూ ఇవ్వలేదు. ఈ దేశంలోనూ ఆసుపత్రుల నాణ్యత చూడటానికి సీబాహీ అనే సంస్థ 2005 నుంచీ ఉంది. 2017లో రోగుల భద్రతకని ప్రత్యేకంగా ఒక కేంద్రమే వెలిసింది. నియమాలకు కొదవ లేదు. తనిఖీకి వచ్చే వారం ముందు మనమందరం గోడలకు అతికించే కాగితాలు మీకు తెలిసినవే.

కాగితం మీద ఉన్నది మనిషి నోటికి ఎందుకు రాదు? ఇఖామా మీద బతికేవాడికి నోరు మూసుకోవడం ఒక విద్యలా అలవడుతుంది. ప్రైవేటు రంగంలో యజమాని సమ్మతి లేకుండా ఉద్యోగం మారే వీలు కొన్ని నిబంధనలతో 2021 మార్చిలో వచ్చింది, సంతోషం. కాని భయం చట్టంతోపాటే సర్దుకు పోదు. పైగా అది మనం వెంట తెచ్చుకున్నది కూడా. మా అబ్బాయి లెక్కల పరీక్షలో రెండు తప్పులు వస్తే ఆ కాగితం పరుపు కింద దాచాడు. మేము ఎప్పుడూ కొట్టలేదు. మార్కులు ఎన్ని అని మాత్రం అడుగుతాం, ఏ లెక్క తప్పిందని ఎప్పుడూ అడగలేదు. ఓవీఆర్ కాగితం చేతిలో పట్టుకుని మేము అదే పరుపు వెతుకుతున్నామని అప్పుడు తట్టింది.

జరిగింది చెప్పేస్తాం. కమిటీ పిలిచింది, విన్నది. తప్పు నాలుగు రోజులలో సరిచేశారు. వెతికితే అలాంటి తేదీలు ఇంకా కొందరు పిల్లల ఫైళ్ళలో దొరికాయి. మా ఒప్పందం రెండేళ్ళకు బదులు ఒక ఏడాదికే పొడిగించారు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. సిస్టరుకు కృతజ్ఞత చెప్పాం గాని, అది వార్డు మూలలో చెప్పాం. నలుగురి ముందు చెప్పవలసింది. ఆ బాకీ ఇంకా ఉంది.

మొన్న కరీంనగర్ నుంచి ఎవరో పెద్దమనిషి ఫోను చేశారు. ఆ వరంగల్ కుర్రవాడికి వాళ్ళ అమ్మాయిని ఇవ్వాలని చూస్తున్నారట, మేము ఎరుగుదుమని తెలిసి వాకబు చేస్తున్నారు. "అబ్బాయి టెస్టరట గదండీ..." అని నసిగారు.

"తప్పు కనబడితే చెప్పే మనిషి, మన తప్పయినా మనల్ని చిన్నబుచ్చని మనిషి. కళ్ళు మూసుకుని ఇవ్వండి" అన్నాం. ఒక్క క్షణం ఆగి, "కాని చారులో ఉప్పు తక్కువైతే మాత్రం చెప్పేస్తాడు, అమ్మాయిని ముందే సిద్ధంగా ఉండమనండి" అని కూడా అన్నాం.