పాత వాయిదాకు కొత్త అప్పు వద్దు

ఇంటి డబ్బు విషయంలో నేను వదలని నియమం ఒకటే: పాత అప్పు వాయిదా కట్టడానికి కొత్త అప్పు చేయకూడదు. గరివిడిలాంటి ఊళ్లో దీన్ని పాటించడం కష్టమే. అక్కడి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారంలో పని తగ్గితే కాంట్రాక్టు కూలీకి పనిరోజులు తగ్గుతాయి, వాయిదా తగ్గదు. వసూలుకు వచ్చినవాడు వీధంతా వినేలా అరుస్తాడన్న భయంతో పుస్తెలతాడు తాకట్టుకు వెళ్తుంది, లేదంటే లోన్ యాప్‌లో ఇంకో అప్పు పుడుతుంది. పై నెలకు ఒక వాయిదా చోట రెండవుతాయి. కుటుంబాన్ని ముంచేది తప్పిన వాయిదా కన్నా, దాన్ని కప్పిపుచ్చడానికి చేసిన అప్పే.

ఇందుకు మన రాష్ట్రమే సాక్ష్యం. సూక్ష్మరుణాల వసూళ్ల వేధింపులతో ప్రాణాలు పోతున్నాయన్న ఆందోళన నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. ఒకే ఇల్లు పలు సంస్థలకు బాకీపడి, ఒకరి దగ్గర తెచ్చి మరొకరికి కట్టడం అప్పటి సంక్షోభానికి ఒక మూలం. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం, కొత్త సూక్ష్మరుణం ఇచ్చేటప్పుడు ఇంటి వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ రుణం వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, బంధువులను వేధించకూడదు. ముందుగా అనుకున్న చోటికి అప్పు తీసుకున్నవారు వరసగా రెండుసార్లు రాకపోతే తప్ప వసూలుకు ఇంటికి రాకూడదు.

కొత్త అప్పు చేయకుండా వాయిదా ఆపమనడం ఎగ్గొట్టడం నేర్పడమే అంటారు కొందరు. కాదు. నిబంధన వేధింపును ఆపుతుందే గాని బాకీని రద్దు చేయదు. సూక్ష్మరుణం తీసుకున్న గ్రూపులో ఒకరు కట్టడం ఆపితే ఆ భారం మిగతావాళ్ల మీద పడుతుందన్న మాటా నిజమే. అందుకే గడువుకు ముందే వాళ్లకు చెప్పాలి. కాగితం మీది రూలు గుమ్మం దగ్గర పనిచేస్తుందా అంటే, మన చేతిలోనూ కాగితం ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఆదాయం ఎంత తగ్గింది, నెలకు ఎంత కట్టగలం అన్నది రాసి బ్రాంచిలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకూడదు. అప్పిచ్చిన సంస్థకు చేసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, సమాచారానికి 14448. ఉచిత న్యాయ సహాయానికి 15100. బెదిరింపు ఎవరు చేసినా, వడ్డీ వ్యాపారి అయినా సరే, అది పోలీసులు చూడాల్సిన పని.

కట్టలేకపోవడం నేరం కాదు. ఆ మాట గడువుకు ముందే, రాతపూర్వకంగా చెప్పండి.