మూడు ముక్కల మేస్త్రీ

మా నాయిన దగ్గర ఏడు నోటుపుస్తకాలున్నాయి. అట్టలు చినిగినప్పుడల్లా పాత క్యాలెండరు కాగితాలు అంటించుకుంటూ కాపాడుకున్నవి. వాటి నిండా మాటలే. కథలు కావు, లెక్కలు కావు, ఒట్టి మాటలు. పాలమూరు లేబరు పనిలో వాడుకున్న మాటలు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత రెండేళ్లకు, ఓ గుంపు మేస్త్రీ వెంట హాజరుపట్టీ రాసే కుర్రాడిగా మా నాయిన అక్కడికి వెళ్లాడు. అది రాతి కట్టడం. రాళ్లు మోసినవాళ్లలో మా వైపు వాళ్లు ఎందరో. పగలు హాజరు రాయడం, రాత్రి లాంతరు ముందు కూర్చుని ఆ రోజు విన్న మాటలు రాసుకోవడం. ఎందుకు రాశావు నాయినా అంటే, ‘కాయితం మిగిలింది, రాసిన’ అంటాడు. తర్వాత టీచరయ్యాడు, రిటైరయ్యాడు. మాటలు రాయడం మాత్రం మానలేదు.

2003లో ఓసారి వాటిని డీటీపీ చేయించాం. నాలుగు నెలలు పట్టింది. సీడీ చేతికొచ్చింది. ఇప్పుడా సీడీలో ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు కలగాపులగంగా కనిపిస్తాయి. అప్పట్లో చాలా తెలుగు ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి నడిచినవే. ఆ ఫాంటు లేకపోతే ఆ తెలుగూ లేదు. ఎవరినీ తప్పు పట్టలేం. కాలం అలాంటిది.

ఈలోగా నాయినకు తొంభై దగ్గరపడింది. ఎడమ కంటి చూపు పోయింది. కుడికంటికి అక్షరం అంగుళం పొడవుంటే తప్ప ఆనదు. నోటుపుస్తకాల్లో తన దస్తూరీ తనకే కనిపించడం లేదు. ఆ రాతను పూర్తిగా చదవగలిగింది ఆయన ఒక్కడే. సగం మాటలకు అర్థం కూడా ఆయన నోట్లోనే ఉంది. కాబట్టి ఎవరో ఒకరు టైపు చేయాలి, తెరమీద పెద్దక్షరాల్లో ఆయనకు చూపించాలి, ఆయన తప్పులు చెప్పాలి. ఎన్నాళ్లు వీలవుతుందో ఎవరూ పైకి అనలేదు.

వనపర్తిలో మా అమ్మాయి కంప్యూటర్ డిప్లొమా చదువుతోంది. 1959లో రాజావారి భవనంలో మొదలైన పాలిటెక్నిక్ ఉన్న ఊరు కదా, మా ఊళ్లో డిప్లొమా అంటే ఇప్పటికీ ఓ గౌరవం. దాని దగ్గర హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్ ఒకటుంది. అందులో లినక్సు, దానిమీద ఎమాక్స్ అనే ఎడిటర్. ప్రోగ్రాములు రాసుకునే పలక అనుకోండి. ఎమాక్స్ పుట్టింది 1976లో, అమెరికాలోని ఎంఐటీలో. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని 1985లో గ్నూ ఎమాక్స్‌గా, తయారీ విధానంతో సహా అందరికీ ఇచ్చేశాడు. అందులో రాసింది ఒట్టి అక్షరాల ఫైలు. రేపు ఎమాక్స్ లేకపోయినా ఇంకోదాంట్లో తెరుచుకుంటుంది. సీడీ దెబ్బ తిన్నవాళ్లకు ఆ మాట చాలు. అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు కూడా.

మొదటి పేజీ టైపు చేసి, సెలవులకు వచ్చిన తాతకు చూపించింది. ఆయన తెర దగ్గరికి ముఖం పెట్టి చాలాసేపు చూశాడు.

‘‘బిడ్డా, మేస్త్రీ మూడు ముక్కలైండు గదనే!’’

నిజమే. ‘మే’ తర్వాత ‘స్’, ‘త్’, ‘రీ’ అని వేటికవి నిలబడ్డాయి. ఒత్తులు కిందికి దిగలేదు.

సంగతేమిటంటే, కంప్యూటర్ లోపల మేస్త్రీ అనే మాట ఎనిమిది సంకేతాల వరుస. మ, ఏత్వం, స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వాటిని చదివి, త, ర లను ఒత్తులుగా కిందికి దింపి, చివరి గుడిదీర్ఘాన్ని తీసుకెళ్లి ముందున్న ‘స’ నెత్తిన పెట్టే పని వేరే ఒకరు చేయాలి. ఇంగ్లిషుకు ఈ బాధ చాలావరకు లేదు. ఆ పనిచేసే సాఫ్ట్‌వేర్‌లలో పేరున్నది హార్ఫ్‌బజ్. బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరాన్ సంతతి ఇంజినీరు పెంచి పెద్దచేశాడు. ఆ పేరు వినగానే నాయిన నవ్వాడు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన మనిషి. ‘‘హర్ఫ్ అంటే అక్షరం. పతంగ్‌బాజ్, దగాబాజ్ లెక్క ఇంకోటా? అక్షరాలతోని ఆడెటోడు!’’ పేరు పెట్టినవాళ్లు ఫార్సీలో బాజ్‌ను ‘తెరిచిన’ అనే అర్థంలో వాడారు. నాకైతే నాయిన అర్థమే నచ్చింది.

ఈ ఒత్తుల పని చిన్నదేం కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన అక్షరం మెసేజిలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసేదాకా లక్షల రూపాయల ఫోన్లున్నవాళ్లూ ఎదురుచూడ్డమే. చేతిలో ఫోనుంది గానీ, దాని తయారీ చేతిలో లేదు.

ఎమాక్స్ విషయంలో తయారీ చేతిలో ఉంది. మా లాప్‌టాప్‌లో ఉన్నది పాత ఎమాక్స్. మాకన్నా ముందు వాడిన వారెవరో వాళ్ల అవసరం మేరకు కట్టుకున్నది. హార్ఫ్‌బజ్ అందులో లేదు. మళ్లీ కడదామంది అమ్మాయి. కట్టడమంటే, మనిషి చదవగలిగేలా రాసిన సోర్సును తెచ్చుకుని, మన యంత్రానికి సరిపడేలా మనింట్లోనే ప్రోగ్రాముగా మార్చుకోవడం. కంపైల్ చేయడం అంటారు. పచ్చడి సీసా కొనకుండా కాయలు తెచ్చుకోవడం లాంటిది.

ఇందులో మొదటి అంకం పేరు కన్ఫిగర్. అదొక స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కిచ్చే పనుల పట్టీ. ఇంట్లో ఏమున్నాయో, ఏం లేవో వరసపెట్టి అడుగుతుంది. ఫలానాది ఉందా, ఉంది. ఫలానాది, లేదు. తెరమీద వందల వరుసలు పరుగెత్తాయి. రెండో అంకం మేక్. అది అసలు వంట. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఆయన సహోద్యోగి ఒకాయన తప్పు దిద్దాక మళ్లీ కంపైల్ చేయడం మరిచిపోయి, లేని తప్పు కోసం ఓ ఉదయమంతా వెతికాడట. ఏది మారిందో, ఏది మిగిలిందో యంత్రమే చూసుకోవాలని మేక్ పుట్టింది. మా ఇంట్లో మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా చచ్చిపోయింది. కరెంటు వచ్చాక మేక్ అన్న ఒక్క మాట కొడితే, ఆగినచోటు నుంచి అందుకుంది.

ఇంకో వింత కూడా ఉంది. మొదట సీ భాషలో ఓ పచ్చి ఎడిటర్ తయారవుతుంది. తర్వాత ఆ పచ్చిదే మిగతా వెయ్యికి పైగా లిస్పు ఫైళ్లను తయారు చేసుకుంటుంది. మా ఆవిడ వింటూ, ‘తోడు వేసినట్టా?’ అంది. అంతే. పెరుగుతోనే పెరుగు.

ముప్పావుగంట తర్వాత కొత్త ఎమాక్స్ తెరుచుకుంది. ఒక్క ఎర్రర్ లేదు. మేస్త్రీ మాత్రం మూడు ముక్కలుగానే ఉన్నాడు.

అమ్మాయి వెనక్కి వెళ్లి కన్ఫిగర్ చివర అచ్చయిన చిట్టా చదివింది. అందులో ఓ వరుస: ఎమాక్స్ హార్ఫ్‌బజ్‌ను వాడుతుందా? పక్కన ‘నో’. కంపైల్ చేయడానికి కావలసిన హార్ఫ్‌బజ్ సరంజామా మా లాప్‌టాప్‌లో లేదు. కొన్ని వస్తువులు లేకపోతే కన్ఫిగర్ కదలనంటుంది. హార్ఫ్‌బజ్ ఆ జాబితాలో లేదు. ఉంటే వాడుతుంది, లేకపోతే చిట్టాలో ఓ మూల ‘నో’ అని రాసి ముందుకెళ్తుంది. అది రాసినవాళ్లను అనలేం. ఇంగ్లిషులో ప్రోగ్రాములు రాసుకునేవారికి ఆ ‘నో’ వల్ల పెద్ద నష్టం లేదు. కానీ మన ఇంట్లో అది లేకుండా పని ‘విజయవంతంగా’ పూర్తవడమేమిటి?

ఆ వారమే గద్వాలలో మా ఆవిడ పుట్టింట్లో పెళ్లి. పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగి గద్వాల చేరేదాకా అమ్మాయి ఫోన్లో ఆ చిట్టానే చూస్తోంది. మా బామ్మర్దిది మగ్గం. గద్వాల చీర తెలుసుగా, ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. మగ్గం మీద జకార్డు, దానికి రంధ్రాలు పొడిచిన అట్టల దండ. ఏ అట్టకు ఎక్కడ రంధ్రముంటే ఆ పోగు లేస్తుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జకార్డ్ చేసిన ఏర్పాటు ఇది. తొలితరం కంప్యూటర్లకు పనులు చెప్పిన చిల్లుల కార్డులకు పెద్దన్న.

‘‘అట్ట తప్పు పడితే మగ్గం ఆగుతుందా మామా?’’ అనడిగింది.

‘‘ఎందుకాగుతది? నేస్తనే ఉంటది. పువ్వు చెడుతది, అంతే. అందుకే మొదటి పువ్వు అయ్యేదాంక నేను వేరే ముచ్చట పెట్టుకోను. చూసినంకనే ముందుకు.’’

పెళ్లి భోజనాలవుతుండగా ఓ మూల కూర్చుని అమ్మాయి సొంతంగా స్క్రిప్టు రాసింది. ముప్పై వరుసలు కూడా లేవు. కావలసిన సరంజామా దించుకోవడం, సోర్సు విప్పడం, కన్ఫిగర్ నడపడం, తర్వాత మేక్, తర్వాత ఇన్‌స్టాల్. మొదట్లోనే ‘ఎక్కడ తప్పొచ్చినా అక్కడే ఆగు’ అనే వరుస ఒకటి. ఇలాంటివి లోకంలో చాలామంది రాసుకుంటారు. దీనిలో తేడా అంతా ఒక్క వరుసలో ఉంది. కన్ఫిగర్ అయ్యాక, అది రాసిపెట్టిన ఫైలులో హార్ఫ్‌బజ్ పేరు ‘ఉంది’ అని నమోదైందో లేదో వెతుకుతుంది. లేకపోతే మేక్ దాకా వెళ్లనే వెళ్లదు, పని ఆపేస్తుంది. ఎవరో ‘ఉంటే ఉండనీ’ అన్నదాన్ని మా పిల్ల ‘ఉండి తీరాలి’ అంది. అందుకు ఎవరి అనుమతీ అడగనక్కర్లేకపోయింది.

ఆగినప్పుడు తెరమీద ఏమని రావాలి? ఫోన్లో తాతనడిగింది. ఏళ్ల తరబడి హాజరుపట్టీ రాసిన మనిషి, క్షణం తడుముకోలేదు. ‘‘హర్ఫ్ గైరుహాజరు. అట్లనే రాయి.’’ తమాషా ఏమిటంటే, స్క్రిప్టు నడిచే నల్లటి తెరమీద మా యంత్రంలో ఒత్తులు సరిగ్గా నిలవవు. అందుకని ఆ ఉర్దూ మాటను ఇంగ్లిషు అక్షరాల్లో రాయాల్సి వచ్చింది.

బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్లాం, పెన్‌డ్రైవు తీసుకుని. అక్కడ మా అన్నయ్య కొడుకు కంప్యూటర్ వేరే రకం, దాని లినక్సు వేరే రకం. స్క్రిప్టు నడిపితే, నాలుగో నిమిషంలో ఆగింది. హర్ఫ్ గైరుహాజరు! ఇంటిల్లిపాదీ నవ్వాం. అక్కడ ఆ సరంజామా పేరు కాస్త వేరు, అదీ తేడా. ఫోన్ నెట్‌తో వెతికి, పేరు మార్చి మళ్లీ నడిపారు. ఈసారి చిట్టాలో ‘ఎస్’ వచ్చింది. మేక్ తన పని తాను చేసుకుపోతుంటే మేం అన్నాలు తిన్నాం.

ఎమాక్స్‌లో ‘హలో’ అనే చిన్న ఫైలుంది. లోకంలోని చాలా భాషల్లో పలకరింపులుంటాయి. అది తెరిచి కిందికి జరిపితే తెలుగు వరుస వచ్చింది. నమస్కారం. ‘స’ కింద ‘క’ ఒత్తు బుద్ధిగా కూర్చుని ఉంది. అప్పుడు తాత పేజీ తెరిచి, మండలి వెంకటకృష్ణారావు పేరు మీద వచ్చిన ‘మండలి’ ఫాంటు పెట్టి, అక్షరాన్ని అంగుళం దాకా పెంచింది అమ్మాయి.

నాయిన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వేలు తెరకు ఆనించి చదివాడు. ‘‘గుంపు... మేస్త్రీ.’’ కాసేపాగి, ‘‘దీర్ఘం తలకాయ మీదకొచ్చింది. సరే, కిందికి పోనియ్’’ అన్నాడు.

ఆ తర్వాత మాకెవరికీ తీరిక లేదు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట చదువుతున్నాడు. టైపులో తప్పులు దొరికితే మా అన్నయ్య కొడుకు దిద్దుతున్నాడు, తప్పులు లేనిచోట ఆయన కొత్త అర్థాలు కలుపుతున్నాడు. ప్రస్తుతం మూడో పుస్తకం నడుస్తోంది. గంప, తట్ట ఒకటేనని వీడు, కాదని ఆయన. మూడు రోజులుగా అక్కడే ఆగారు.